గుంటలో పడినవానిని విడిచిపెట్టకుడి

ధ్యానభాగములు: మత్తయి 12:9–14, యిర్మీయా 38:1–13



మీలో ఎడ్లబండి తోలినవారు అనేకులు కలరు. వరంగల్లు ప్రాంతపు రేగడి నేల సంగతి మీకు వేరుగా చెప్పనక్కరలేదు. ఎండకాలమున అది రాయివలె బిగిసి నెర్రెలు వారును. నాలుగు వానలు పడిన పిమ్మట పైన ఆరినట్లు కనబడినను, క్రింద జిగురుగా నుండి, కాలు పెట్టినవాని కాలును, చక్రము పెట్టినవాని చక్రమును పట్టుకొనును.

మా బాల్యములో ఒకనాడు వడ్ల బస్తాలతో వచ్చుచున్న మా బండి అట్టి బాటలో ఇరుసు మట్టునకు దిగబడెను. పగ్గములు మా చేతిలో నుండెను. చీకటి పడుచున్నదని భయపడి ఎడ్లను కొట్టనారంభించితిమి. ఎడ్లు మోకాళ్లమీద పడెను గాని బండి కదలలేదు. వెనుక నడిచి వచ్చుచున్న మా నాయనగారు పరుగెత్తుకొని వచ్చి, మా చేతిలోని కర్ర లాగుకొని, "కొట్టకురా! ఎంత కొడితే అంత దిగవడ్తది. ముందుగాల దిగి కింద సూడు" అనిరి. తరువాత ఎడ్లను విప్పి, బస్తాలు దించి, చక్రముల ముందటి బురద చేతులతో తోడి, తంగేడు కొమ్మలు పరచి, ప్రక్క చేనివారిని నలుగురిని పిలిచి చక్రములకు భుజములు పెట్టించిరి. పొద్దు గూకిన చాల సేపటికి బండి గట్టెక్కెను.

నాయనగారి ఆ మాట ఇన్ని సంవత్సరముల తరువాత మరల మా మనస్సునకు వచ్చినది. అది ఎట్లు వచ్చెనో ఈ నెల మీకు చెప్పగోరుచున్నాము.

2023 ఆగస్టు 23వ తేది బుధవారము సాయంకాలము మన ఊరివారందరు టీవీల ముందు కూర్చుండిరి. మన తెలుగు నేలమీదనున్న శ్రీహరికోటనుండి జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3 ఆ సాయంకాలము చంద్రునిమీద క్షేమముగా దిగెను. దానిలోనుండి ప్రజ్ఞాన్ అను ఆరు చక్రముల చిన్న బండి బయటికి వచ్చి నడిచెను. నాలుగు దినములైన తరువాత దాని యెదుట నాలుగు మీటర్ల వెడల్పు గల గుంట కనబడెను. ఇంకను మూడు మీటర్ల దూరమున్నప్పుడే మన శాస్త్రజ్ఞులు దానిని వెనుకకు మళ్లించిరి.

ఆ ఆదివారపు తరువాతి ఆదివారము సండేస్కూలులో ఈ సంగతి చెప్పుచుండగా ఒక చిన్నవాడు లేచి, "అయ్యగారూ, గుంట కనబడకపోతే? అండ్ల దిగవడితే ఎవరు గుంజుతరు? అక్కడ మనుషులు లేరు గద" అని అడిగెను. మాయొద్ద జవాబు లేదు. హనుమకొండలో ఇంజనీరింగు చదువుచున్న మన సంఘపు యౌవనస్థుడు ఒకడు ఆ సాయంకాలము మా యింటికి వచ్చి, అట్లు దిగబడిన ఒక బండి చరిత్ర చెప్పెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో తరువాత చెప్పుదుము. ముందు ఆ చరిత్ర వినుడి.

ఆకాశములో ఎఱ్ఱని చుక్కవలె కనబడు అంగారక గ్రహమును మీరు చూచియున్నారు. అమెరికా దేశపు నాసా సంస్థవారు 2003 జూన్ 10న ఒక బండిని అక్కడికి పంపగా, అది 2004 జనవరి 4న గుసేవ్ అను విశాలమైన పల్లపు మైదానములో దిగెను. ఆరు చక్రములు, స్తంభముమీద కన్నులవంటి కెమెరాలు, వీపుమీద ఎండను విద్యుత్తుగా మార్చు పలకలు, ముందు ఒక చేయి. ఇదే దాని ఆకారము. దానికి స్పిరిట్, అనగా ఆత్మ, అని పేరు. ఆ పేరు పెట్టినది తొమ్మిదేండ్ల బాలిక. సైబీరియాలో పుట్టి అనాథాశ్రమములో నుండిన ఆ బిడ్డను అమెరికాలోని ఒక కుటుంబము దత్తత తీసికొనెను. దిక్కులేని స్థలమునుండి ఎత్తబడిన బిడ్డ ఇచ్చిన పేరును ఆ బండి మోసెను.

తొంబది దినములు పనిచేసిన చాలునని దానిని పంపిరి. అది ఆరు సంవత్సరములకు మించి పనిచేసెను. వీపుమీది పలకలపై దుమ్ము పేరుకొని బలము తగ్గినప్పుడు, అక్కడి గాలి వీచి ఆ దుమ్ము తుడిచిన దినములును కలవు. 2006 మార్చిలో దాని కుడి ముందు చక్రము తిరుగుట మానెను. అయినను దానిని పారవేయలేదు. వెనుకకు నడిపించుచు, చెడిన చక్రమును ఈడ్చుకొని పోవునట్లు చేసిరి. 2007లో ఆ చెడిన చక్రము నాగలివలె గీసిన చాలులో తెల్లని మట్టి బయటపడెను. పరీక్షించగా అందులో తొంబది పాళ్లు సిలికా. పూర్వము ఆ స్థలమున వేడినీరో ఆవిరియో ఉండెనని చెప్పు గురుతు. ఆరు చక్రములు సరిగా తిరిగినయెడల ఆ మట్టి పైకి వచ్చియుండదు.

2009 వసంతకాలమున, వారు ట్రాయ్ అని పేరు పెట్టిన స్థలమున పోవుచుండగా, చక్రముల క్రింద నేల విరిగెను. పైన పెచ్చు గట్టిగా నుండెను. క్రింద పిండివంటి మట్టి దాగియుండెను. చక్రములు తిరిగిన కొలది లోతునకు పోయెను. మే నెలలో శాస్త్రజ్ఞులు బండిని ఇక కదలవద్దని ఆపిరి. అక్కడికి మనుష్యుడు పోలేడు. భూమినుండి పంపిన ఆజ్ఞ వెలుగంత వేగముగా పోయినను, దూరము హెచ్చుతగ్గులనుబట్టి, చేరుటకు మూడు నిమిషములు మొదలు ఇరువది నిమిషములకు పైగా పట్టును. పగ్గములు ఇక్కడ, ఎడ్లు అక్కడ.

వారేమి చేసిరో గమనించుడి. అర్ధ సంవత్సరము చక్రము త్రిప్పలేదు. కాలిఫోర్నియాలోని పాసడీనాలో తమ పనిశాలయందు, అంగారకుని మట్టివలె మెత్తగా దిగబడు మట్టిని రెండు రకముల పొడితో కలిపి పెద్ద పెట్టెలో పోసిరి. అట్టి బండినే అందులో దింపి, అక్కడ ఒరిగినట్లే ఇక్కడ ఒరగబెట్టి, ఏ విధముగా త్రిప్పిన మేలో వారములకొలది పరీక్షించిరి. బండి చేతి చివర, రాళ్లను దగ్గరగా చూచుటకైన చిన్న కెమెరా ఒకటి యుండెను. దూరపు వస్తువులను చూచుటకు అది చేయబడలేదు. అయినను ఆ చేతిని వంచి బండి కడుపు క్రిందికి చాపి, మసకగానైనను ఒక పటము తీసిరి. అందులో ఒక కొన గల రాయి కడుపును తాకుచున్నట్లు కనబడెను.

నవంబరులో మెల్లగా కదలింప మొదలుపెట్టిరి. మొదటి దినము బండి అనుమతించినదానికంటె ఎక్కువ ఒరిగినట్లు తోచగానే తానే ఆగిపోయెను. రెండవ ప్రయత్నమున చక్రములు రెండున్నర మీటర్లు నడిచినంత తిరుగగా, బండి జరిగినది అర అంగుళము. ఆ నెలలోనే కుడి వెనుక చక్రము కూడ పోయెను. జనవరిలో వెనుకకు నడిపి చూడగా కొంత కదిలెను గాని, చలికాలము మీదికి వచ్చుచుండెను. 2010 జనవరి 26న వారు ఇట్లు ప్రకటించిరి: ఇది ఇక నడువదు; అయినను నిలిచిన చోటనే పనిచేయును. చక్రములు పెకలించిన మట్టిలో నీటి జాడలు వెదకిరి, కొంత కనుగొనిరి. కదలనిదైనందున దాని రేడియో సంకేతమును పట్టి ఆ గ్రహము తిరుగుటలోని వణకును కొలువవలెనని కూడ ఆలోచించిరి. నడిచెడి బండివలన ఆ కొలత సాధ్యము కాదు.

కాని బండి సూర్యునివైపు వంగి నిలువలేకపోయెను. ఎండ తగ్గెను, చలి హెచ్చెను. 2010 మార్చి 22న దాని చివరి మాట భూమికి చేరెను. తరువాత మౌనము. ఆ మౌనములోనికి వారు పిలుచుచునే యుండిరి. పదునాలుగు నెలలలో వేయికి పైగా ఆజ్ఞలు పంపిరి. 2011 మే 25న చివరిసారి పిలిచి ఆపిరి.

దానికి కవలవంటి ఆపర్చునిటీ అను మరియొక బండి, ఆ గ్రహమునకే వేరొక ప్రక్కన, 2005 ఏప్రిల్‌లో ఇసుకతిన్నెలో దిగబడి, అయిదు వారములకు పైగా పాటుపడిన పిమ్మట జూన్ 4న బయటపడెను. అటుతరువాత 2018 వరకు పనిచేసెను. ఒకటి బయటికి వచ్చెను, ఒకటి రాలేదు. పిలిచిన చేతులు రెంటికిని ఒకే విధమైన చేతులే.

ప్రియులారా, విశ్రాంతిదినమున ఊచచెయ్యి గలవానిని ప్రభువు బాగుచేయగోరినప్పుడు, తప్పు పట్టవలెనని కనిపెట్టుచున్నవారిని ఆయన ఒక ప్రశ్న అడిగెను. ఒకే గొఱ్ఱె గలవాడు అది గుంటలో పడినయెడల, విశ్రాంతిదినమని చూచుచు ఊరకుండునా? పట్టి పైకి తీయడా? ఆ పిమ్మట గొఱ్ఱెకంటె మనుష్యుడు ఎంతో గొప్పవాడు గదా యని తానే చెప్పెను. ఆనాడు గొఱ్ఱె, ఈనాడు ఇనుప బండి. ఊపిరి లేని దానికొరకు, కోటానుకోట్ల అడుగుల దూరమునున్న దానికొరకు మనుష్యులు ఇంత చేసినయెడల, మన వీధి చివరనున్న మనుష్యునికొరకు ఎంత చేయవలసియున్నది?

ఈ ప్రశ్నయే ఆ రాత్రి మాకు నిద్ర లేకుండ చేసినది. ఏలయనగా ఆ దినములలోనే మన సంఘములో ఒక సహోదరుడు దిగబడియుండెను, మేము చూడలేదు. ఆయన అనుమతితో, పేరు చెప్పక, ఆ సంగతి వ్రాయుచున్నాము.

ఆయనకు కొంచెము భూమి కలదు. పత్తి వేసెను. నీరు చాలక అప్పు చేసి బోరు వేయించెను. దుమ్ము తప్ప నీరు రాలేదు. ఆ అప్పు తీర్చవలెనన్న పంట పండవలెను, పంట పండవలెనన్న నీరు కావలెను గనుక, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి రెండవ బోరు వేయించెను. రెండంగుళముల నీరు వచ్చి వేసవిలో ఎండిపోయెను. మూడవది వేయించెను. చక్రము తిరుగుచుండెను, బండి లోతునకు పోవుచుండెను. పైకి మాత్రము గట్టి నేల. తెల్లని చొక్కా తొడిగి గుడికి వచ్చెను, పాటలలో గొంతు కలిపెను. ఎవరైనను అడిగిన, "మంచిగనే ఉన్నం" అనెను.

తరువాత ఆయన వెనుక వరుసలో కూర్చుండెను. తరువాత రాలేదు. మేము ఏమి చేసితిమో వ్రాయుటకు సిగ్గుపడుచున్నాము. కోత పండుగ దగ్గరపడగా, కానుకలు బాకీయున్నవారి పేర్లు బల్లయొద్దనుండి చదివించితిమి. ఆ పేర్లలో ఆయన పేరు ఉండెను. ఆరాధనకు రానివారు లోకమును ప్రేమించినవారని ప్రసంగించితిమి. దిగబడిన ఎడ్లను కర్రతో కొట్టితిమి. చిన్ననాట నాయనగారు మా చేతినుండి లాగుకొనిన కర్రను, అయ్యగారమైన పిమ్మట మేము మరల పట్టుకొంటిమి.

ఒక రాత్రి ఆయన భార్య మా గుమ్మములో నిలిచి, "అయ్యగారూ, మా ఇంటాయన నిద్రపోతలేడు, ఎవ్వరితోని మాట్లాడ్తలేడు. నాకు భయమైతుంది, జెర వచ్చి కూసోండ్రి" అనెను. మేము ఆ యౌవనస్థుని మాటలు వినిన పిమ్మటి వారమే అది. వెంటనే లేచి ఇద్దరు పెద్దలను తోడుకొని వెళ్లితిమి. ఆ బండి చరిత్రనుండియు, వాక్యమునుండియు, ఆ ఇంటి అరుగుమీదనుండియు మేము నేర్చుకొన్న నాలుగు సంగతులు మీ యెదుట ఉంచుచున్నాము.

1. మొదట ఆపుడి.

దిగబడినవానిని చూడగానే మన నోట వచ్చు మాటలు మూడు: గట్టిగా ప్రయత్నించుము, గట్టిగా ప్రార్థించుము, గట్టిగా విశ్వసించుము. ఇవి మంచి మాటలే. గాని మెత్తని మట్టిలో చక్రము త్రిప్పుటవంటివి. ఏలీయా బదరీవృక్షము క్రింద పండుకొని ఇక చాలునని ప్రాణము విసికినప్పుడు, దేవుడు మొదట ఆజ్ఞ ఇయ్యలేదు, గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను, రొట్టెయు నీళ్లును దూతచేత పంపెను, మరల నిద్రపోనిచ్చెను. ప్రశ్న అడిగినది తరువాత. ఆ రాత్రి మేము బోధింపలేదు. ఆయన భార్య పెట్టిన చాయ త్రాగి, మాటలేక ఒక గడియ కూర్చుంటిమి. నాలుగవ బోరు మాట వచ్చినప్పుడు మాత్రము పెద్దలలో ఒకరు ఆయన చేయి పట్టుకొని, "తమ్మీ, ఇగ ఆపు" అనిరి.

2. తరువాత క్రిందికి చూడుడి.

బండిని ఆపి పట్టుకొన్న రాయి ఎచ్చట నున్నదో మసక పటములోనైన చూడవలసి వచ్చెను. మన సహోదరుని కడుపు క్రిందనున్న రాయి ఏది? అప్పు అని మేమనుకొంటిమి. కాగితము తెచ్చి, ఎవరికి ఎంతయో ఒక్కొక్కటి వ్రాయించితిమి. ఆయన కలముతో వ్రాయుచు సగములో ఏడ్చెను. ఆ మొత్తము తన భార్యకు సహితము చెప్పియుండలేదు. రాయి అప్పు కాదు, అప్పును దాచిన సిగ్గు. ఆ కాగితము నేలమీద నలుగురి మధ్య పెట్టినప్పుడు, ఒక్క రూపాయి తగ్గకపోయినను, ఆయన ముఖము కొంత తేటపడెను. సంఘమా, మన మధ్య ఒకడు తన కష్టము చెప్పుకొనుటకు సిగ్గుపడినయెడల, ఆ సిగ్గు మట్టి ఎవరు పోసిరి? పేర్లు చదివించినవారమే పోసితిమి.

3. వాని ఇసుకను మీ యింటికి తెచ్చుకొనుడి.

ఈ మాట విచారింపదగినది. పాసడీనాలోని పండితులు గట్టి గచ్చుమీద నిలిచి సలహా చెప్పలేదు. ఆ దిగబడు మట్టినే తమ యింట పోసికొని, అందులో తమ బండిని దింపిరి. ప్రవక్తయైన యిర్మీయాను పగవారు బురదగల గోతిలో త్రాళ్లతో దింపినప్పుడు, యూదా పెద్దలు ఎవరును కదలలేదు. కూషీయుడైన ఎబెద్మెలెకు, పరదేశి, రాజునొద్దకు వెళ్లి వేడుకొని, ముప్పదిమందిని వెంటబెట్టుకొని వచ్చెను. అతడు మరియొకటి చేసెను. పాత బట్టలు, చినిగిన గుడ్డపేలికలు ఏరి తెచ్చి, త్రాటితోపాటు గోతిలోనికి దింపి, వాటిని చంకల క్రింద పెట్టుకొమ్మని ప్రవక్తతో చెప్పెను. ఎందుకు? బురదలో కూరుకొన్నవానిని త్రాటితో లాగిన చర్మము చీలునని అతడు ముందే తలంచెను. తన చంకల క్రింద ఆ త్రాడును ఊహించుకొన్నవాడే పేలికలు తెచ్చును. సహాయము చేయువారు అనేకులు. పేలికలు తెచ్చువారు కొద్దిమంది. బల్లయొద్ద పదిమంది యెదుట ఇచ్చిన సహాయము త్రాడే గాని పేలిక లేని త్రాడు. ఏనుమాముల మార్కెటునుండి వచ్చుచు ఎవరికిని తెలియకుండ ఒక బియ్యపు బస్తా ఆ ఇంటి వెనుక వాకిట దించిన సంఘ పెద్ద ఎబెద్మెలెకు వంశమువాడు.

4. బయటికి రాకపోయినను పని ఇయ్యుడి.

ఇది కష్టమైన పాఠము. సాక్ష్యములలో మనము బయటపడినవారినే నిలువబెట్టుదుము. ఆపర్చునిటీని పిలిచి సాక్ష్యము చెప్పించుదుము. స్పిరిట్‌ను వెనుక వరుసలో కూర్చుండబెట్టుదుము. కాని అపొస్తలుడైన పౌలు శరీరములోని ముల్లు తీయుమని మూడుసార్లు వేడుకొనెను. ముల్లు తీయబడలేదు, కృప ఇయ్యబడెను. రోమాలో అతడు రెండు సంవత్సరములు కావలిలో నుండెను. నడువ వీలులేని ఆ కాలముననే తన యొద్దకు వచ్చినవారందరికి దేవుని రాజ్యమును ప్రకటించెను.

మన సంఘములో పక్షవాతముతో ఆరేండ్లుగా మంచమునకు అంటియున్న ఒక తల్లి కలదు. పూర్వము ఆమె ఊరూర తిరిగి స్త్రీలకు వాక్యము చెప్పెను. మంచము పట్టిన పిమ్మట మేము ఆమెను రోగుల పట్టికలో వ్రాసి, నెలకొకసారి ప్రార్థన చేసి వచ్చుచుంటిమి. ఒకనాడు ఆమెయే, "అయ్యగారూ, నన్ను సూసిపోవుడే గాని, నాకు పని చెప్పుడు బందు వెట్టిండ్రు" అనెను. ఆ మాట మమ్మును గ్రుచ్చెను. ఇప్పుడు ఆపదలోనున్న ఇండ్ల పేర్లు ప్రతి ఆదివారము ఆమెకే ముందు చేరును. ఆ అప్పుల సహోదరుని పేరు ఆమె ప్రతి ఉదయము దేవునియొద్దకు తీసికొనిపోవుచున్నది. కదలని బండియే గ్రహపు వణకును కొలువదగినదట. కదలలేని ఈ తల్లియే మన సంఘపు వణకును ముందుగా కనిపెట్టుచున్నది.

ఆ సహోదరుని సంగతి ఎట్లాయెనని అడుగుదురు. మీతో అబద్ధమాడము. ఆయన ఇంకను పూర్తిగా బయటపడలేదు. కొంత భూమి కౌలుకిచ్చి, బాకీదారులతో పెద్దలు కూర్చుండి మాటలాడి వడ్డీ కొంత తగ్గింపజేసిరి. అసలు మిగిలియున్నది. జరిగినది అర అంగుళము. గాని ఆయన నిద్రపోవుచున్నాడు. భార్యతో మాటలాడుచున్నాడు. కోత పండుగలో మేము సంఘము యెదుట ఆయనను క్షమాపణ అడిగితిమి. బాకీల పట్టిక ఇక ఎన్నడును చదువబడదు. మొన్న మరియొక ఊరి రైతు ఇంట చీకటి క్రమ్మినదని వినగా, మాకంటె ముందు అక్కడికి వెళ్లి అరుగుమీద కూర్చున్నది ఆయనే. చెడిన చక్రము గీసిన చాలులో తెల్లని మట్టి బయటపడినది.

ఇప్పుడు ఒక మాట మిగిలియున్నది. ఆ శాస్త్రజ్ఞులు ప్రేమగలవారే. అయినను వారు ఆ గ్రహమునకు పోలేకపోయిరి. ఇసుకకు ప్రతి చేసిరి గాని ఆ ఇసుకలో దిగలేకపోయిరి. పదునాలుగు నెలలు పిలిచి, చివరకు పిలుచుట మానవలసివచ్చెను. వారిని తప్పు పట్టుట లేదు. మనుష్యుని చేయి అంతవరకే చాపబడును. మన దేవుడు మన మట్టికి ప్రతి చేసి దూరమునుండి పరీక్షింపలేదు. తానే మన మట్టిని ధరించెను. పశువుల తొట్టిలో దిగెను, వడ్రంగి యింట పెరిగెను, అన్ని విషయములలో మనవలె శోధింపబడెను, సమాధియను గుంటలోనికి సహితము దిగెను. మూడవ దినమున ఆ గుంటనుండి లేచెను. ఆయన దిగని లోతు లేదు గనుక ఆయన పిలుపు చేరని లోతును లేదు. మన జవాబు ఆగిపోయిన దినమున కూడ ఆయన పిలుచుట ఆపడు. నలువదవ కీర్తన ఈ మాసమంతయు మీ గృహములలో చదువుకొనుడి. ఊబిలోనుండి ఎత్తబడి బండమీద నిలువబెట్టబడినవాని సాక్ష్యము అక్కడ ఉన్నది. అదే కీర్తన చివర అతడు ఇంకను సహాయము కొరకు త్వరపడుమని మొఱ్ఱపెట్టుచున్నాడనియు గమనించుడి. ఎత్తబడినవానికిని ఇంకను మొఱ్ఱ కలదు.

కాబట్టి ఈ మాసము మనమేమి చేయుదుము? ప్రతి పెద్దయు, ప్రతి స్త్రీల సమాజపు సభ్యురాలును, మూడు ఆదివారములు గుడికి రాని ఒక ఇంటికి వెళ్లవలెను. కానుక అడుగకుడి. ఎందుకు రాలేదని అడుగకుడి. కూర్చుండుడి. చాయ ఇచ్చిన త్రాగుడి. వారు చెప్పినది మరియొక ఇంట చెప్పకుడి.

ఇది చదువుచున్న నీవే దిగబడియున్నయెడల, సహోదరుడా, సహోదరీ, ఇక చక్రము త్రిప్పకుము. మా గుమ్మము ఏ రాత్రియైనను తట్టుము. నిద్ర లేపితినని సంకోచింపకుము. మనస్సు మరీ క్రుంగిన గడియలో ప్రభుత్వమువారి టెలి మానస్ 14416 అను నంబరునకు ఫోను చేసినను తెలుగులో మాటలాడువారు కలరు. అదియు దేవుడు దింపిన ఒక త్రాడే. మాకు చెప్పుటకు సిగ్గుపడిన, మంచముమీదనున్న ఆ తల్లికి చెప్పుము. ఆమె ఎక్కడికిని పోదు.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, చుక్కలను పేరుపెట్టి పిలుచు నీవు మా ఊరిలోని ప్రతి ఇంటి దీపమును ఎరిగియున్నావు. దిగబడినవారిని కర్రతో కొట్టిన మా చేతులను క్షమించుము. మా చేతులకు త్రాడును, త్రాటితోపాటు పేలికలను ఇమ్ము. బయటపడినవారికి కృతజ్ఞతను, ఇంకను బయటపడనివారికి తోడును, కదలలేనివారికి పనిని దయచేయుము. మాకొరకు గుంటలోనికి దిగి లేచిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమెన్.